అమ్మిన 26 గిగాహెర్ట్జ్ ఎక్కడుంది? ట్రాయ్‌కి, దూరసంచార శాఖకి ఒక బహిరంగ లేఖ

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఛైర్మన్ గారికి, సభ్యులకు, ఢిల్లీ సంచార్ భవన్‌లో స్పెక్ట్రమ్ ఫైళ్లు చూసే అధికారులందరికీ నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. మొబైల్ నెట్‌వర్క్‌లకు రేడియో ప్లానింగ్ చేయడం నా పని, అంటే ఏ సైట్‌లో ఏ సెక్టార్ ఎటు తిరగాలి, యాంటెన్నా ఎంత వంచాలి, ఏ బ్యాండ్ (రేడియో తరంగాల ముక్క) ఎక్కడ పెడితే కంజెషన్ తగ్గుతుంది లాంటి లెక్కలన్నమాట. ఈ లేఖ ఏ కంపెనీ తరఫునా రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. 2022లో మీరు 20 ఏళ్లకు అమ్మిన 26 గిగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్, అంటే 5జీ కోసం ఇచ్చిన రేడియో తరంగాలు, ఎక్కడ వాడుతున్నారో జనానికి చూపించండి, వాడని చోట వాడేవాళ్లకు ఇప్పించండి, ఆ తర్వాతే 37 గిగాహెర్ట్జ్ పైన ఉన్న బ్యాండ్ల వేలం గురించి ఆలోచించండి. ఆ బ్యాండ్ల మీద ట్రాయ్ 2025 ఫిబ్రవరిలోనే సిఫారసులు ఇచ్చేసింది కాబట్టి ఇప్పుడు అడగకపోతే ఆలస్యమవుతుంది.

2022 జులై 26న మొదలై ఆగస్టు 1న ముగిసిన ఆ వేలాన్ని పేపర్లన్నీ లక్షన్నర కోట్లు అని పెద్దక్షరాల్లో వేశాయి. అన్ని సర్కిళ్లూ (టెలికాం లైసెన్సుల కోసం దేశాన్ని విడగొట్టిన ప్రాంతాలు) కలిపి అమ్ముడైంది 51,236 మెగాహెర్ట్జ్ అన్నారు. ఆ అంకె లోపలికి వెళ్లి చూస్తే అందులో 45,350 ఒక్క 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌దే. జియో 22 సర్కిళ్లలోనూ వెయ్యి మెగాహెర్ట్జ్ చొప్పున, ఎయిర్‌టెల్ 800 చొప్పున తీసుకున్నాయి. వొడాఫోన్ ఐడియా 16 సర్కిళ్లలో కొంత కొంది. అదానీ కంపెనీ ఆరు సర్కిళ్లలో కలిపి 400 తీసుకుంటే అందులో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కూడా ఉంది (రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం లెక్కల్లో తెలంగాణ ఇంకా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది, అది వేరే విషయం). ఆ 400నీ ఎయిర్‌టెల్‌కి బదలాయించే ఒప్పందం 2025 ఏప్రిల్‌లో కుదిరింది. అంటే అమ్ముడైన మెగాహెర్ట్జ్‌లలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా ఈ ఒక్క బ్యాండే ఉంటే, వచ్చిన డబ్బులో దీని వాటా పదో వంతుకు అటూఇటూగా ఉంది.

ఎందుకంటే దీని రిజర్వ్ ధర దేశం మొత్తానికి మెగాహెర్ట్జ్‌కు 6 కోట్ల 99 లక్షలు. అదే వేలంలో 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ధర 317 కోట్లు, 700 మెగాహెర్ట్జ్ అయితే 3,927 కోట్లు. ధర తక్కువ పెట్టడం తప్పని నేను అనను. ఈ బ్యాండ్ స్వభావానికి అది న్యాయమైన ధరే, అందుకే కొన్నారు కూడా. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగిన దాని మీద. ఊరి బయట వెంచర్‌లో ప్లాటు చవగ్గా వచ్చిందని కొని, చుట్టూ రాళ్లు పాతేసి, ధర పెరిగేదాకా అటువైపు చూడని వాళ్లు మనకు తెలుసు కదా, 26 గిగాహెర్ట్జ్ పరిస్థితి ఇప్పుడు అదే. పైగా 2024 జూన్‌లో మిగిలిన 26 గిగాహెర్ట్జ్‌ని మళ్లీ వేలానికి పెడితే ఒక్కరూ బిడ్ వేయలేదు. ఉన్నదాంతోనే పని లేనప్పుడు ఇంకా ఎందుకు కొంటారు?

కంపెనీల వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ బ్యాండ్‌తో పని చేయడం నిజంగానే కష్టం. 3.5 గిగాహెర్ట్జ్ (పైన చెప్పిన 3.3 బ్యాండ్‌లోదే) నుంచి 26కి వెళ్తే, అదే రకం యాంటెన్నాతో, అదే దూరంలో సిగ్నల్ 17 డీబీ (డెసిబెల్స్) పైన పడిపోతుంది, అంటే చేతికి అందే పవర్ యాభై రెట్లకు పైగా తగ్గుతుంది. తరంగం పొడవు సెంటీమీటరు చిల్లర మాత్రమే కాబట్టి అరచేతిలో పట్టేంత పలకలో బోలెడన్ని చిన్న యాంటెన్నాలు పేర్చి, వాటన్నిటినీ కలిపి సన్నటి బీమ్‌గా ఫోన్ వైపు తిప్పి ఆ నష్టాన్ని పూడుస్తారు. కాగితం మీద బాగానే ఉంటుంది, వీధిలోకి వచ్చాక అసలు కథ మొదలవుతుంది. మనిషి అడ్డంగా నిలబడితే పోతుంది, ఫోన్‌ని చేత్తో ఫలానా చోట పట్టుకుంటే పోతుంది, వేపచెట్టు గుబురుగా ఉంటే దాని వెనకున్న ఇంటికి అందదు. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్లకు ఎండ వేడి ఆపడానికి వేసే పూత అద్దం ఉంది చూశారా, అది ఈ తరంగాలకు దాదాపు గోడే. లోపల కూర్చున్నవాడికి బయట స్తంభం మీది సిగ్నల్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

వాన గురించి మాత్రం భయం ఎక్కువ, నష్టం తక్కువ. గంటకు వంద మిల్లీమీటర్ల చొప్పున కుండపోతగా కురిస్తే ఈ బ్యాండ్‌లో కిలోమీటరుకు 15 డీబీ పైన పోతుంది, నిజమే. కానీ ఈ బ్యాండ్ బేస్ స్టేషన్లు పెట్టేది రెండు వందల మీటర్ల దూరాలకు, అక్కడ పోయేది మూడు డీబీ. అంత మార్జిన్ ప్లానింగ్‌లో ఎవరైనా పెట్టుకుంటారు. వాన వల్లే పని చేయదని మీ మీటింగుల్లో ఎవరైనా చెబితే దూరం ఎంత అని ఒక్క ప్రశ్న అడగండి.

ఇక ఫోన్లు. అమెరికాలో అమ్మిన ఐఫోన్లలో 2020 నుంచి మిల్లీమీటర్ వేవ్ (26, 28 గిగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్ల) యాంటెన్నా ఉంది, అదే కంపెనీ మన దగ్గర అమ్మే మోడళ్లలో ఉండదు. మన మార్కెట్లో ఎక్కువమంది కొనే పదిహేను, ఇరవై వేల ఫోన్లలో దాని ఊసే లేదు. నెట్‌వర్క్ లేదు కాబట్టి ఫోన్లో పెట్టం అని వాళ్లు, ఫోన్లు లేవు కాబట్టి నెట్‌వర్క్ కట్టం అని వీళ్లు. మీ షరతులు కూడా ఈ ఆటకు బాగానే సాయం చేశాయి. ఒక సర్కిల్‌లో ఎక్కడో ఒక నగరంలో సర్వీసు మొదలుపెడితే తొలి దశ బాధ్యత తీరిపోయినట్టే అని రాశారు. 26 గిగాహెర్ట్జ్ సహా అన్ని బ్యాండ్లలో ఆ బాధ్యత గడువు కంటే ముందే పూర్తి చేశామని జియో 2023 ఆగస్టులో ప్రకటించింది. అందులో అబద్ధమేమీ లేదు, షరతు అంత తేలిగ్గా ఉంది అంతే.

ఈలోగా డేటా ఆగిందా? నోకియా ఏటా వేసే లెక్క ప్రకారం 2024లో మన దేశంలో ఒక్కో మొబైల్ యూజర్ నెలకు సగటున 27.5 జీబీ వాడాడు. ఇంటికి ఫిక్స్‌డ్ వైర్‌లెస్ (వైరు లేకుండా గాలిలో వచ్చే ఇంటర్నెట్) కనెక్షన్ పెట్టుకున్నవాళ్లు దానికి పన్నెండు రెట్లు వాడుతున్నారని అదే నివేదిక చెప్పింది. ఇందులో 5జీ భాగాన్ని ఇప్పుడు మోస్తున్నది ప్రధానంగా 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒక్కో కంపెనీకి ఉన్న వంద, నూట ముప్పై మెగాహెర్ట్జ్‌లే. సాయంత్రం ఏడు దాటాక అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్ల గల్లీల్లో ఫోన్ మీద ఫుల్ సిగ్నల్ కనిపిస్తూనే వీడియో గిరగిరా తిరుగుతుంటే దానికి కారణం కవరేజీ కాదు, కెపాసిటీ. పక్కనే ఎనిమిది వందలు, వెయ్యి మెగాహెర్ట్జ్‌లు ఖాళీగా ఉన్నాయి. అక్కడ పది స్మాల్ సెల్స్ (స్తంభాల మీద పెట్టే చిన్న బేస్ స్టేషన్లు) పెడితే ఈ బ్యాండ్ అందుకునే ఫోన్లు ఉన్న కొందరూ, ఇంటి కిటికీ బయట రిసీవర్ బిగించుకున్న అందరూ అటు మళ్లిపోతారు, పాత బ్యాండ్ మిగతావాళ్లకు ఖాళీ అవుతుంది.

ఇంటి కనెక్షన్ల సంగతే కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ బ్యాండ్‌కి అసలు పని అక్కడే ఉందని నా అభిప్రాయం. డాబా మీద బిగించిన రిసీవర్ కదలదు, చేతి అడ్డు ఉండదు, ఎదురుగా స్తంభం కనిపించేలా పెట్టుకోవచ్చు, బ్యాటరీ బాధ లేదు. ఇళ్లకు వైరు లేకుండా ఇంటర్నెట్ ఇచ్చే జియో ఎయిర్‌ఫైబర్ 2023 వినాయక చవితి రోజు ఎనిమిది నగరాల్లో మొదలైనప్పుడు హైదరాబాద్ అందులో ఒకటి. 26 గిగాహెర్ట్జ్‌కి ఇక మంచి రోజులొచ్చాయి అనుకున్నాం మా ఫీల్డ్‌లో చాలామందిమి. జరిగింది వేరు. ఆ కనెక్షన్లలో గణనీయమైన భాగం లైసెన్స్ అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ రేడియోల మీద నడుస్తోంది, మీ నెలవారీ లెక్కల్లో యూబీఆర్ (అన్‌లైసెన్స్డ్ బ్యాండ్ రేడియో) అని కనిపించేది అదే. డబ్బు పోసి కొన్న వెయ్యి మెగాహెర్ట్జ్ పక్కన పెట్టి ఉచితంగా దొరికే వైఫై బ్యాండ్‌లో ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తున్నారంటే వాళ్లను నేను తప్పుపట్టను, పరికరం చవక, పని అవుతోంది, వ్యాపారస్తుడు ఎవరైనా అదే చేస్తాడు. మీరు మాత్రం దాన్ని చూసి ఆలోచించాలి.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయారు. దాని తర్వాత విద్యుత్ స్తంభాల మీద వేలాడే కేబుళ్లను నగరమంతా కత్తిరించుకుంటూ పోయారు, వేలాది ఇళ్లలో ఇంటర్నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభాల మీద ఆ చిక్కుముడులు ఉండకూడదు, అందులో వాదన లేదు. కానీ ప్రతి ఇంటికీ వైరు లాగకుండా గల్లీ మొదట్లో ఒక స్తంభం దాకా ఫైబర్ తెచ్చి, అక్కడి నుంచి నలభై ఇళ్లకు గాలిలో ఇచ్చే సదుపాయం ఉన్నప్పుడు, దానికి కావలసిన స్పెక్ట్రమ్ అమ్ముడుపోయి మూలన ఉన్నప్పుడు, మన కేబుల్ ఆపరేటర్ల చేతిలో అది ఎందుకు లేదు? వాళ్లకు ప్రతి గల్లీ తెలుసు, ప్రతి మేడ ఓనరూ తెలుసు. లేనిది లైసెన్సు మాత్రమే.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో, ఒకసారి ఇచ్చిన స్పెక్ట్రమ్‌ని పంచుకోవడం, లీజుకివ్వడం, రెండోవాళ్లకు కూడా కేటాయించడం, సరైన కారణం లేకుండా వాడకపోతే రద్దు చేయడం అన్నీ ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో ట్రాయ్ కూడా స్పెక్ట్రమ్ షేరింగ్, లీజింగ్ మీద సిఫారసులు చేస్తూ, ఒకరికి ఇచ్చిన బ్యాండ్‌ని వాళ్లు వాడని చోట ఇంకొకరు అనుమతితో వాడుకునే పద్ధతిని సూచించింది. కాగితాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. జర్మనీ 2021 నుంచి 26 గిగాహెర్ట్జ్‌లో స్థలం ప్రకారం లోకల్ లైసెన్సులు ఇస్తోంది, ఫ్యాక్టరీ వాడు తన ఆవరణకు తానే తీసుకోవచ్చు. జపాన్ 2019 చివర్లోనే 28 గిగాహెర్ట్జ్‌లో కొంత ముక్క లోకల్ 5జీకి పక్కన పెట్టింది. మన దగ్గర ప్రైవేట్ నెట్‌వర్క్‌లకు నేరుగా స్పెక్ట్రమ్ ఇస్తామని 2022 మార్గదర్శకాల్లో దారి చూపించి, డిమాండ్ ఎంతుందో సర్వే చేస్తున్నామంటూ ఏళ్లు గడిపారు. విశాఖ పోర్టు లాంటి చోట కంటైనర్ క్రేన్ల మీద కెమెరాలకు ఈ బ్యాండ్ చక్కగా సరిపోతుంది, ఆకాశం తెరిచి ఉంటుంది, చెట్లు లేవు. డిమాండ్ ఉందా అని అడిగే ముందు ధర ఎంతో, దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలో చెబితే డిమాండ్ దానంతటదే కనిపిస్తుంది.

రద్దు చేసి పారేయండి అని మాత్రం నేను అడగడం లేదు, దక్షిణ కొరియా అది చేసి చూసింది. 2018 జూన్‌లో మూడు కంపెనీలకు 28 గిగాహెర్ట్జ్‌లో 800 మెగాహెర్ట్జ్ చొప్పున ఇచ్చి, మూడేళ్లలో ఒక్కొక్కరు 15,000 బేస్ స్టేషన్లు పెట్టాలన్నారు. కేటీ, ఎల్‌జీ యూప్లస్ అందులో పదో వంతుకు కాస్త పైన పెట్టి ఆగిపోయాయి. 2022 చివర్లో ఆ రెండింటి కేటాయింపు, 2023 మేలో ఎస్‌కే టెలికాందీ రద్దయ్యాయి. 2024 జనవరిలో స్టేజ్ ఎక్స్ అనే కొత్త కంపెనీ 43 వేల కోట్ల వోన్లకు ఆ బ్యాండ్ గెలుచుకుంటే, పెట్టుబడి చూపించలేక అదే ఏడాది అదీ రద్దయింది. ఇంత జరిగాక అక్కడ ఈ బ్యాండ్ వల్ల జనానికి కంటికి కనిపించిన లాభం ఏదంటే సియోల్ మెట్రో రెండో లైన్ బ్రాంచిలో రైలు పెట్టెల్లోని వైఫైకి దాన్ని వెనక నుంచి కలిపి చూసిన ప్రయోగం, అంతే. అంకె పెట్టి బెదిరిస్తే సరిపోదు, అలాగని మనలాగా ఒక ఊళ్లో ఒక సైట్ చాలు అన్నా సరిపోదు. అమెరికాలో వెరైజన్ 2019 ఏప్రిల్‌లో షికాగో, మినియాపొలిస్ వీధుల్లో ఈ బ్యాండ్‌తోనే 5జీ మొదలుపెట్టి, నగరం మొత్తానికి దీన్ని పరచలేమని తెలిశాక 2021లో మధ్య బ్యాండ్‌కి నాలుగున్నర వేల కోట్ల డాలర్లకు పైగా పోసింది. స్టేడియాలు, ఎయిర్‌పోర్టుల్లో మాత్రం మిల్లీమీటర్ వేవ్‌ని ఉంచుకుంది, ఎందుకంటే అక్కడ అది పని చేస్తుంది.

అందుకే పల్లెలకు 5జీ ఈ బ్యాండ్‌తో వస్తుందని ఎవరైనా మీ వేదికల మీద చెబితే దయచేసి ఆపండి. గుంపు ఉన్నచోటే ఇది. ఉప్పల్ స్టేడియం, సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారాలు, తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్, నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్, మేడారం గద్దెల చుట్టుపక్కల. మ్యాచ్ రోజున ఉప్పల్‌లో వాట్సాప్ ఫొటో పోవడానికి పడే తిప్పలు చూసినవాళ్లకు వేరే నివేదిక అక్కర్లేదు.

స్తంభాల విషయం చిన్నదే కానీ అసలు అడ్డంకి అదే. 2022లోనే కేంద్రం నిబంధనలు మార్చి స్మాల్ సెల్ పెట్టడానికి వీధి స్తంభానికి ఏడాదికి నగరాల్లో 300, పల్లెల్లో 150 రూపాయలు అని రాసింది. 2025 జనవరి నుంచి కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలు (టెలికాం కేబుళ్లు, టవర్లు, స్తంభాలకు స్థలం అనుమతుల గురించి) కూడా అమల్లోకి వచ్చాయి. కింద మున్సిపాలిటీకి, డిస్కమ్‌కి వెళ్లి అడిగితే స్తంభం మాది కాదు అని ఒకరు, కరెంటు మీటరు ఎవరి పేరు మీద అని ఇంకొకరు. కాలనీ వాళ్ల రేడియేషన్ గొడవ సరేసరి. ఢిల్లీలో మీరు రాసింది సర్కిల్ ఆఫీసు దాకా వచ్చేసరికి ఎవరు సంతకం పెట్టాలో తేలదు. రెండు రాష్ట్రాల్లో తలా ఒక మున్సిపాలిటీని ఎంచుకుని ఒకే కిటికీలో అనుమతి ఇప్పించి చూపించండి, మిగతావాళ్లు దాన్ని చూసి చేస్తారు.

60 గిగాహెర్ట్జ్ గురించి ఒక్క మాట. ఆక్సిజనే ఆ తరంగాలను కిలోమీటరుకు 15 డీబీ దాకా మింగేస్తుంది కాబట్టి అవి పక్క వీధి దాటి పోవు, ఒకరికొకరు అడ్డం రారు. అమెరికా 2016 నాటికి 57 నుంచి 71 గిగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ లేకుండా వదిలేసింది. మన ట్రాయ్ 2014లోనే ఈ బ్యాండ్‌ని తేలికపాటి నియంత్రణతో తెరవమంది. పదేళ్లు దాటింది.

నాకు ఈ బ్యాండ్ మీద ఇంత ఇష్టం ఉన్నా ఒక చోట మాత్రం మీరు కంపెనీల మాట వినొద్దు. మన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మొదలయ్యే 24.25 గిగాహెర్ట్జ్ కింద, సరిగ్గా పక్కనే, 23.6 నుంచి 24 దాకా వాతావరణ ఉపగ్రహాలు గాలిలోని నీటి ఆవిరిని వినే బ్యాండ్ ఉంది. ఆవిరి సహజంగా విడుదల చేసే ఆ సన్నటి శబ్దాన్ని వినడానికి వేరే చోటు లేదు, ఎందుకంటే ఆ ఫ్రీక్వెన్సీని నిర్ణయించింది ప్రకృతి. 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో దీని మీద పెద్ద గొడవే అయింది. బేస్ స్టేషన్ల నుంచి ఆ బ్యాండ్‌లోకి కారే శక్తికి ముందు ఒక పరిమితి, 2027 సెప్టెంబర్ 1 తర్వాత పెట్టే స్టేషన్లకు దానికంటే 6 డీబీ కఠినమైన పరిమితి అని ఒప్పుకున్నారు. ఆ తేదీకి ముందు పెట్టినవి పాత పరిమితిలోనే ఉండిపోవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ప్రతిసారీ శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా పడవలు ఒడ్డుకు లాగి టెన్షన్‌తో కూర్చునే జనం ఉన్న దేశం మనది. మన దగ్గర ఇంకా పెద్దగా సైట్లు పెట్టనే లేదు కాబట్టి, ఇప్పటి నుంచే కొత్త పరిమితి వర్తిస్తుందని రాసేయడానికి ఇంతకంటే తేలికైన సమయం రాదు. ఆలస్యం వల్ల మనకు కలిసొచ్చింది ఇదొక్కటే.

చేయాల్సిన మొదటి పని మాత్రం చాలా చిన్నది. తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఏ టవర్ మీద ఏ టెక్నాలజీ ఉందో ఇప్పటికే చూపిస్తున్నారు. దానికి 26 గిగాహెర్ట్జ్ అని ఇంకో గడి కలపండి, ఆ సైట్ మీద నెలకు ఎంత ట్రాఫిక్ పోయిందో మండలం వారీగానో వార్డు వారీగానో పెట్టండి. వ్యాపార రహస్యం అంటారు కంపెనీల వాళ్లు. స్పెక్ట్రమ్ ప్రజలదని కోర్టులు చెప్పి చాలా కాలమైంది, అది ఏ వార్డులో పని చేస్తోందో చెప్పడంలో రహస్యం ఏముంటుంది? ఆ మ్యాపులో ఖాళీగా కనిపించిన చోట ఏడాది గడువు ఇచ్చి, అప్పటికీ కదలిక లేకపోతే ఆ వార్డు వరకు లోకల్ ఆపరేటర్‌కి నామమాత్రపు ఫీజుతో లీజుకు ఇప్పించండి, అసలు కొన్నవాడు ఎప్పుడు అక్కడ సైట్ పెడతానంటే అప్పుడు ఆరు నెలల నోటీసుతో తప్పుకోవాలని రాసుకోండి. కంపెనీలకు నష్టం లేదు, పైగా లీజు డబ్బులొస్తాయి.

ప్రయోగం ఎక్కడ మొదలుపెట్టాలో వెతకనక్కర్లేదు. 2027 జూన్ చివర్లో గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. పన్నెండు రోజులు రాజమండ్రి కోటిలింగాల ఘాట్, పుష్కర ఘాట్ మొదలుకొని అవతల భద్రాచలం, బాసర దాకా జనమే జనం. 2015లో మొదటి రోజే రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది, కాబట్టి ఈసారి ప్రతి మలుపులో కెమెరాలు పెడతారు, వాటి వీడియో కంట్రోల్ రూమ్‌కి ఆగకుండా పోవాలి, అదే సమయంలో లక్షల మంది ఇంటికి వీడియో కాల్ చేస్తుంటారు. ఘాట్ ఎదురుగా నది, తెరిచిన ఆకాశం, వరసగా లైటు స్తంభాలు, అన్నీ ఈ బ్యాండ్‌కి అనుకూలమే. కెమెరాల ట్రాఫిక్ మొత్తాన్ని 26 గిగాహెర్ట్జ్ మీదికి తోస్తే 3.3 గిగాహెర్ట్జ్ భక్తుల ఫోన్లకు మిగులుతుంది. స్తంభాలకు అనుమతి, ఫైబర్, కరెంటు, రిసీవర్లు బిగించి ఒకసారి పరీక్షించుకోవడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది, అంటే 2026 డిసెంబర్‌లోపు రెండు రాష్ట్రాలకూ, స్పెక్ట్రమ్ ఉన్న కంపెనీలకూ మీ దగ్గర్నుంచి ఉత్తరం అందాలి. అది దాటితే చివరి వారంలో లారీల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెట్టే పాత పద్ధతే గతి.

ఇట్లు,
రేడియో ప్లానింగ్ చేసుకునే ఒక ఇంజనీరు,
హైదరాబాద్